పక్క ఊరి పెళ్లికొడుకు

పెళ్లిచూపులకి వెళ్లి పిల్ల నచ్చక తిరిగొచ్చినవాళ్లుంటారు, పిల్లకి నచ్చక తిరిగొచ్చినవాళ్లూ ఉంటారు. పిల్ల ఊరు వేళకి చేరలేక సంబంధం చెడగొట్టుకున్న మహానుభావుణ్ని నేనొక్కణ్నే. నవ్వుకోండి, నాకేం.

అప్పుడు నేను క్వీన్స్‌లాండ్ ఉత్తరపు కొసన వీపాలో, బాక్సైట్ గనిలో ఇంజనీర్ని. వయసు ముప్పై నాలుగు. వండిన పప్పు బావుందో లేదో చెప్పే దిక్కు లేని బతుకు. ఎక్కడో దక్షిణాన హారిసన్‌లో ఉండే మా పద్మ ఆంటీ జాలిపడి ఓ సంబంధం తెచ్చింది. అమ్మాయి పేరు శ్రావ్య, గోవ్‌లో డాక్టరు. మ్యాపులో చూస్తే వీపాకి సరిగ్గా ఎదురుగా, సముద్రానికి అవతలి ఒడ్డున ఉంది గోవ్.

నెల రోజులు ఫోన్లో మాట్లాడుకున్నాం. ఆ పిల్ల గొంతు వినకపోతే నాకు పొద్దుపోయేది కాదు.

"ఇక్కడికి ఏ ఫ్లైట్‌లో వస్తారు?" అని అడిగేది.

"ఐదొందల యాభై కిలోమీటర్లండీ, గంట ప్రయాణం. రోడ్డు మీద హైదరాబాదు నుంచి వైజాగే ఇంతకన్నా దూరం."

"అది కాదు, ఫ్లైట్ ఏది?"

"గంటేనంటున్నాగా. పెళ్లయ్యాక ప్రతి వీకెండూ వచ్చి గోంగూర పప్పు వండిపెడతా."

ఆలు లేదు చూలు లేదు, అప్పుడే గోంగూర పప్పు. ఏ రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొట్టినా దూరం, టైమూ చెప్పే వెబ్‌సైటొకటి ఉండేది. నా జ్ఞానమంతా దాని చలవే.

శ్రావ్యకి సెలవు దొరకదని వాళ్ల అమ్మానాన్నలే, పద్మ ఆంటీ వాళ్ల పక్కనే ఉన్న గంగాలిన్ నుంచి గోవ్ వస్తామన్నారు. శనివారం పొద్దున పెళ్లిచూపులకి ముహూర్తం. "పక్క ఊరివాణ్ని, నాదేముంది అంకుల్" అన్నాను. శుక్రవారం మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా వేసుకుని, బస్సెక్కడానికి పోయినట్టు ఎయిర్‌పోర్టుకి పోయాను.

"గోవ్‌కి విమానం లేదు. కెయిర్న్స్‌లో మారాలి" అంది కౌంటర్లో ఆవిడ.

"అది వెనక్కి కదా? గోవ్ ఇక్కడే, ఎదురుగా."

"ఈదుకుంటూ పోతే ఎదురుగానే. మొసళ్లుంటాయి మరి."

వెబ్‌సైటుది తప్పు లేదు. విమానమంటూ ఉంటే గంటే. ఉందా అని నేనెక్కడా చూడలేదు. ఆ సాయంత్రం కెయిర్న్స్‌లో దిగేసరికి, గోవ్‌కి మళ్లీ ఆదివారమే అన్నారు. సిగ్గు చంపుకుని అంకుల్‌కి ఫోన్ చేశాను.

"కెయిర్న్స్‌లోనా? పొద్దున మేం అది దాటే వచ్చాం బాబూ" అన్నారాయన. తిట్టినా బావుండేది.

ఆదివారం గోవ్‌లో దిగాను. నేను దిగిన విమానమే శ్రావ్య అమ్మానాన్నలు తిరిగెళ్లడానికి ఎక్కాల్సింది. సూటుకేసుల వరసలో నమస్కారాలు అయ్యాయి. వాళ్లమ్మగారు నా చేతిలో రెండు సున్నుండలు పెట్టి వెళ్లిపోయింది. శ్రావ్య ఉండిపోయింది.

"ఫొటోలో కంటే బావున్నారు" అంది. నా ప్రాణం లేచొచ్చింది.

"అయితే..."

"ఇక్కడ పేషెంటు ప్రాణం మీదికొస్తే నేనడిగేది దూరం కాదండీ, విమానం ఎప్పుడుందని. మిమ్మల్నీ అదే అడిగాను, ప్రతి రాత్రీ. మీరు ఒక్కసారీ వినలేదు."

కోపంగా అన్నా బతిమాలుకునేవాణ్ని. అలసటగా అంది.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, సున్నుండల మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇకమీదట ఎవరేమడిగినా ముందు పూర్తిగా వింటాను, కిలోమీటర్లన్న మాట నోట రానివ్వను. శ్రావ్య ఇప్పుడు సిడ్నీలో, కెల్లీవిల్‌లో ఉంటోంది, మొగుడు మంచివాడే. నేనూ సిడ్నీ వచ్చేశాను. మొన్న వాళ్ల గృహప్రవేశానికి పిలిస్తే వెళ్లాను. అందరికంటే ముందు నేనే చేరాను.