తుడిచేసిన సుద్దగుర్తు

జగ్గయ్యపేట బస్టాండులో నందిగామ బస్సు ఆగగానే అందరూ సీట్ల కోసం తోసుకుంటుంటే, ఒక పెద్దాయన మాత్రం వంగి టైరును తడుముతున్నాడు.

"ఏమైందండీ?" అని అడిగా.

"అలవాటమ్మా, చేతికేం తెలుస్తుంది! పాత టైర్లకు కొత్త రబ్బరేసే షాపులో టైర్లు పరీక్షించే మిషన్ మీద చేశా. లోపల పొరలు విడిపోతే అదే చూపించేది. ఒక లారీ టైరు పనికిరాదని సుద్దతో ఇంటూ కొట్టా. డ్రైవరు 'పైకి కొత్త పెళ్లికొడుకులా ఉంది కదా బాబాయ్, ఈ ఒక్క ట్రిప్పుకి వదిలెయ్' అని బతిమాలితే, కాదనలేక నేనే తుడిచేశా. పరిటాల దగ్గర పేలింది. అతను దక్కలేదు."

మెల్లగా అడిగా. "పని మానేశారా?"

"లేదమ్మా. సుద్ద మానేశా. పనికిరాని టైరును అక్కడే కత్తితో కోసేసేవాణ్ణి."

అప్పట్నుంచి నేను మొహమాటానికి సరేననబోయిన ప్రతిసారీ ఆ మాట గుర్తొచ్చి ఆగుతున్నా.