చెక్క వెనక నడిచే మనిషి

మా మేనత్త ఫిలొమీన్‌కి అరవై మూడేళ్ళు. అందులో నలభై చలికాలాలు ఆమె చెక్క వెనకే నడిచింది. కెనడాలో ఈ విన్నిపెగ్ సరస్సు ఉత్తరపు ఒడ్డున ఇంకెవరైనా అంతకాలం నడిచారంటే నేను నమ్మను, చూపించినా నమ్మను.

సరస్సు గడ్డకట్టాక వలలు మంచు కిందే వెయ్యాలి. ఒక కన్నం పెట్టి, ఇనుప చెయ్యి బిగించిన పొడుగాటి చెక్కను కిందికి దింపుతాం. పైనుంచి తాడు లాగినప్పుడల్లా ఆ చెయ్యి మంచును తన్ని చెక్కను ముందుకు తోస్తుంది, టక్కుమంటుంది. వంద గజాలు పోయాక అది ఎక్కడుందో పట్టుకుని అక్కడ రెండో కన్నం పెట్టాలి. అప్పుడే దాని తాడు చేతికి అందుతుంది, మొదటి కన్నం దగ్గర ఆ తాడుకి వల కట్టి ఇటునుంచి లాగితే వల మంచు కిందికి పోతుంది. చెక్క వెనక్కి రాదు. ఎంత దూరం పోయిందో తాడును బట్టి తెలుస్తుంది గానీ, ఎటు ఒరిగిందో తెలియదు. అందుకే ఒక మనిషి పైన ఆ టక్కుని వింటూ నడవాలి.

చిక్కేమిటంటే, అత్తకి మూడేళ్ళుగా చెవులు పనిచేయడం లేదు. ఆ మాట ఆమె ఒప్పుకోదు. మేం అరిచి చెబుతాం, ఆమె మా పెదాలు చూసి జవాబిస్తుంది. అయినా ఈ మూడేళ్ళలో ఒక్క చెక్కా పోలేదు. అదంతా అదృష్టమని నాన్న లెక్క.

ఈసారి వేట మొదలయ్యే రోజు పొద్దున్నే, రొట్టె నములుతూ నాన్న తేల్చేశాడు.

"అక్కా, ఇవాళ్టి నుంచి నువ్వు ఒడ్డున షెడ్డులో చేపలు కొయ్యి. చెక్క వెనక అల్లుడు నడుస్తాడు."

"అల్లుడికి చెవులున్నాయా?" అంది అత్త.

"ఉన్నాయి పెద్దమ్మా, రెండున్నాయి!" అని నవ్వాడు మా ఆయన డెల్బర్ట్.

షెడ్డులో కూర్చోవడమంటే అత్తకి సరస్సు లేకుండా పోవడమే. నాకు కడుపు మండింది. అత్త మాత్రం టీ ఫ్లాస్కు పట్టుకుని, మెత్తటి పాతకాలపు తోలు జోళ్ళు తొడుక్కుని మాతో బండెక్కింది.

ఆ రోజు చలి ముదిరి, సరస్సంతా పగుళ్ళిచ్చి ఒకటే చప్పుడు. నాన్న తాడు లాగాడు, డెల్బర్ట్ చెవి రిక్కించి నడిచాడు. చివరికి ఒక చోట ఆగి కన్నం పెట్టాడు. నీళ్ళు తప్ప ఏమీ లేదు. మూడు బారల అవతల ఇంకోటి పెట్టాడు. అక్కడా లేదు. ఉన్న చెక్క అదొక్కటే. మంచు పగిలే చప్పుడునే చెక్క అనుకున్నాడు మహానుభావుడు.

"రెండు చెవులూ ఏం చేస్తున్నాయోయ్?" అన్నాను. 

అత్త ఫ్లాస్కు నా చేతికిచ్చింది. "ఒరేయ్ ఆంబ్రోస్, లాగు. ఆగి ఆగి లాగు," అంది నాన్నతో.

"నీకేం వినపడుతుందే?" అని అరిచాడు నాన్న.

"ఏమీ వినపడదు. మూడేళ్ళయింది. లాగమన్నానా!"

నాన్న లాగాడు. అత్త డెల్బర్ట్ పెట్టిన కన్నాలు దాటి కుడివైపు నడిచింది. నాలుగడుగులు వేసింది, నిలబడింది. మళ్ళీ లాగించింది. ఇంకో అడుగు వేసి మడమతో మంచు మీద గీత గీసింది.

"ఇక్కడ. నా కాలికింద తన్నుతోంది."

డెల్బర్ట్ కన్నం పెట్టాడు. కొక్కెం దింపగానే చెక్కకి తగిలింది. ఆ క్షణాన అత్తని చూసి నాకు గర్వంతో ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

"ఈ పగుళ్ళ గోలంతా మీ చెవులకి. నా అరికాళ్ళకి చెక్క ఒక్కటే తెలుస్తుంది," అంది అత్త. "దళసరి రబ్బరు బూట్లేసుకుంటే అదీ తెలియదు. ముందు అవి విప్పు అల్లుడూ, నేర్పుతాను."

 వల సాంతం కిందికి పోయింది. తర్వాతి చోటికి గుర్తులు పెట్టడానికి అత్త అప్పటికే పాతిక గజాలు ముందుకు పోయింది, వీపు మావైపే. నాన్న ఆమెని పిలవడానికి అలవాటుగా నోరు తెరిచాడు. మూసుకున్నాడు. గునపం ఎత్తి మంచు మీద రెండుసార్లు గట్టిగా మోదాడు.

అత్త వెనక్కి తిరిగింది.

"ఏంట్రా?"