రీలు లేని ఫోటో

మా నాన్న నెహెమ్యా తాడేపల్లిగూడెంలో ముప్పై ఎనిమిదేళ్ళు ఫోటో స్టూడియో నడిపాడు. ఊళ్ళో సగం మంది పెళ్ళిళ్ళు, మిగతా సగం మంది పాస్‌పోర్టు సైజు ముఖాలు ఆయన చేతిమీదుగా వెళ్ళినవే. స్టూడియోలో మేకుకి ఒక నల్ల కోటు వేలాడుతూ ఉండేది. మూడు తరాల నిరుద్యోగులు ఆ ఒక్క కోటు తొడుక్కునే దరఖాస్తులు పెట్టారు. చేతిలో ఫోన్ ఉన్న ప్రతివాడూ ఫోటోగ్రాఫరయ్యాక మా నాన్న తాళం వేసి, కోటుతో సహా ఏలూరులో మా ఇంటికి వచ్చేశాడు. వచ్చినవాడు ఊరికే కూర్చోడు. గోడ మీద మా పెళ్ళి ఫోటో వంకరగా ఉందని రోజుకి మూడుసార్లు సర్దేవాడు. బళ్ళో నలభైమంది పిల్లల్ని భరించి ఇంటికొస్తే, ఇక్కడ ఈయనొక్కడే నలభైమంది పెట్టు.

నా బాధ చూడలేక మా అమ్మాయి శాలిని తన ల్యాప్‌టాప్‌లో ఒక ఆట పెట్టి ఇచ్చింది. ఆటంటే తుపాకులూ కార్లూ కాదు. ఒక దీవి. దాని నిండా కొండలు, కాలవలు, బాతులు. మన చేతిలో పాతకాలం రీలు కెమెరా ఉంటుంది. ఒక ముసలావిడ కుటుంబం ఆల్బం వానకి తడిసి పాడైపోయింది. మనం దీవంతా తిరిగి, మనుషుల్నీ చోట్లనీ ఫోటోలు తీసి, వాళ్ళు చెప్పే జ్ఞాపకాలు విని, ఆ ఆల్బం మళ్ళీ నింపాలి. గెలుపూ లేదు, ఓటమీ లేదు. ఎటు కావాలంటే అటు పోవచ్చు.

"ఇందులో పార్టీ ఎవరమ్మా? ఫోటోలు ఎవరికివ్వాలి?" అని అడిగాడు మా నాన్న.

"ఆ ముసలావిడే తాతయ్యా."

"అయితే సరే," అని లేచి వెళ్ళి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

ఆ రోజు నుంచీ మా ఇంట్లో మాకు స్వేచ్ఛ లేదు. మిట్టమధ్యాహ్నం తీస్తే ముఖాలు నల్లగా పడతాయని, ఆటలో పొద్దు వాలేదాకా ఒక చెట్టుకింద కదలకుండా నిలబడేవాడు. అంతసేపూ ఇక్కడ మేం కూడా కదలకూడదు. తెర మీది బొమ్మలకి "గడ్డం కొంచెం దించండి. ఆయ్, అంతే. ఊపిరి బిగబట్టండి," అని చెప్పేవాడు. ఒక బాతుని రెండు చెవులూ కనబడేలా తీయాలని దాని చుట్టూ అరగంట తిరిగాడు. బాతుకి చెవులెక్కడ కనబడతాయి నాన్నా అంటే, "అదే కదమ్మా కష్టం," అన్నాడు.

బాగా తీసిన ఫోటోకి ఆ ఆట నక్షత్రాలు ఇస్తుంది. మా నాన్న తీసినవాళ్ళందరూ తెల్లగోడ ముందు బిగుసుకుని నిలబడ్డవాళ్ళే. ఒక్క నక్షత్రం కూడా రాలలేదు. "ఈ దీవిలో ఎవరికీ పాస్‌పోర్టు అక్కర్లేదా?" అని విసుక్కున్నాడు. నాకు నవ్వొచ్చింది. చెప్పొద్దూ, కాస్త జాలి కూడా వేసింది.

అసలు గొడవ ఇరవైనాలుగో ఫోటో దగ్గర మొదలైంది. ఆ ఆటలో రీలుకి ఇరవైనాలుగే. చివరిది బాతుకి ఖర్చయిపోయిన నిమిషంలోనే, టోపీ పెట్టుకున్న ఒక జాలరి తాత భార్యని వెంటబెట్టుకుని రేవు మీదికి వచ్చి, తమ ఇద్దరికీ ఒక ఫోటో తీసిపెట్టమన్నాడు. మా నాన్న క్షణం కూడా ఆలోచించలేదు. మీట నొక్కేశాడు. ఫ్లాష్ వెలిగింది. ముసలివాళ్ళిద్దరూ మురిసిపోయి చెయ్యూపి వెళ్ళిపోయారు.

"తాతయ్యా, రీలు అయిపోయింది కదా?" అంది శాలిని.

"తెలుసు," అన్నాడు.

మర్నాడు టోపీ తాత రేవు దగ్గర నిలబడి, మా ఫోటో వచ్చిందా బాబూ అని అడిగాడు. మూడో రోజూ అడిగాడు. కోపం లేదు, విసుగు లేదు, అదే నవ్వు. మా నాన్న దారి మార్చాడు. రేవు తప్పించి కొండ చుట్టూ తిరిగి వెళ్ళడం, చెట్ల చాటున నక్కడం, టోపీ కనబడితే ల్యాప్‌టాప్ మూత వేసేయడం. అంత వయసొచ్చిన మనిషి ఒక బొమ్మకి జడిసి పెరుగన్నం సగంలో వదిలేసి లేచిపోతుంటే నాకు ఒళ్ళు మండింది.

"కొత్త రీలు వేసి మళ్ళీ తీసి పారేయరాదా నాన్నా!"

"ఆవిడ లేదమ్మా," అన్నాడు.

శాలిని చూసి చెప్పింది. ఆటలో చలికాలం వచ్చింది. టోపీ తాత భార్య పడవెక్కి అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయింది. ఇక ఆట అయ్యేదాకా తిరిగి రాదు.

మా నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం లేచి కూర్చుని, "వీర్రాజు గారికి చెప్పేయాలమ్మా," అన్నాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి.

రీలు రోజుల్లో పెళ్ళి ఫోటోగ్రాఫర్లకి ఒక అలవాటు ఉండేదట. పెళ్ళివారు ఇన్ని రీళ్ళే అని ముందే చెప్పేస్తారు. చుట్టాలు మాత్రం తెంపు లేకుండా స్టేజీ ఎక్కుతూనే ఉంటారు. ఎవర్నీ వద్దనకూడదు. ఫోటోకి పిలవలేదంటే మన వైపు చుట్టాలు తరాల తరబడి అలుగుతారు. అందుకని రీలు అయిపోయాక ఖాళీ కెమెరాతోనే ఫ్లాష్ కొట్టేవారు. దాన్ని ఉత్తి ఫ్లాష్ అనేవారు. ముఖాన వెలుగు పడిందంటే చుట్టానికి సంతోషం. ఆల్బం వచ్చేనాటికి ఎవరికి గుర్తుంటుంది?

వీర్రాజు గారికి గుర్తుంది. ఇరవై రెండేళ్ళ కిందట ఉండి అనే ఊళ్ళో వీరరాఘవమ్మ గారి అబ్బాయి పెళ్ళి. వీర్రాజు గారు ఆవిడకి సొంత తమ్ముడు, పెళ్ళికొడుక్కి మేనమామ. కొల్లేటికోట నుంచి భార్య నాగరత్నం గారితో వచ్చి స్టేజీ మీద నిలబడ్డారు. మా నాన్న ఉత్తి ఫ్లాష్ కొట్టాడు. ఆల్బంలో మేనమామ లేడు. భోజనాల దగ్గర పప్పుచారు పల్చగా ఉందని ఆయన ఒక మాట అని ఉన్నారు. అది మనసులో పెట్టుకుని అక్క తన ఫోటో తీసి దాచేసిందని ఆయన తీర్మానించుకున్నారు. ఆవిడ వచ్చి అడిగితే మా నాన్న, "వచ్చిన ఫోటోలన్నీ ఇచ్చేశానండి," అన్నాడు. అక్కాతమ్ముళ్ళకి ఆనాటి నుంచీ మాటల్లేవు. రెండేళ్ళ తర్వాత నాగరత్నం గారు జ్వరం వచ్చి పోతే, వీర్రాజు గారు అక్కని గుమ్మం ఎక్కనివ్వలేదు.

"ఇంత తెలిసీ ఇన్నేళ్ళు నోరు మూసుకుని కూర్చున్నావా?" అని అరిచాను.

"చెబితే నాకు పెళ్ళిళ్ళు ఎవరిస్తారమ్మా?" అన్నాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి ఆటో మాట్లాడుకుని బయల్దేరాం. ముందు ఉండిలో వీరరాఘవమ్మ గారింటికి వెళ్ళాం. ఆవిడ అంతా విని, లోపలికి వెళ్ళి ఆ ఆల్బం తెచ్చి మా నాన్న ఒళ్ళో పడేశారు.

"ఇందులో వంటవాడివి నాలుగు ఫోటోలున్నాయి కదండీ!"

"అవి రీలు ఉన్నప్పుడు తీసినవండి," అన్నాడు మా నాన్న.

తమ్ముడి దగ్గరికి రమ్మంటే, పిలవని ఇంటికి తాను రానన్నారు. మేం లేవబోతుంటే, "ఆటో మీదే కదండీ. మీ ఆటోలో కూర్చుంటాను. అక్కడ మాత్రం దిగనండి," అన్నారు. అలాగే కొంగు ముఖం మీదికి లాక్కుని కొల్లేటికోట దాకా వచ్చారు.

వీర్రాజు గారు చెరువు గట్టు మీద చేపలకి మేత వేస్తున్నారు. మా నాన్న భుజానికున్న కెమెరా సంచి చూడగానే ఆయన ముఖం మాడిపోయింది.

"కొల్లేరు సర్వే అని మొన్ననే వచ్చి ఫోటోలు తీసుకెళ్ళారు కదండీ. ఎన్నిసార్లు తీస్తారండీ ఈ చెరువుని?"

"సర్వే కాదండి. నేను గూడెం స్టూడియో నెహెమ్యానండి. మీ మేనల్లుడి పెళ్ళి ఫోటోలు తీసింది నేనేనండి," అని మొదలుపెట్టి మా నాన్న మొత్తం చెప్పేశాడు. రీలు అయిపోవడం, ఉత్తి ఫ్లాష్, ఆటలో రోజూ ఫోటో అడిగే టోపీ తాత, ఏదీ వదల్లేదు.

"అయితే ఆ టోపీ ఆయనేనా అండీ మిమ్మల్ని పంపింది?" అన్నారు వీర్రాజు గారు అయోమయంగా.

"ఆయ్. అంతేనండి."

నేను తిట్లకి సిద్ధపడి ఉన్నాను. ఆయన తిట్టలేదు. మేత బస్తా మీద కూలబడ్డారు.

"మా ఆవిడది ఇంకో ఫోటో లేదండి. రేషన్ కార్డు మీద ఉంది గానీ, ముక్కూ ముఖం తెలీదు. ఆరోజు పెళ్ళిలో తీసింది అక్క బీరువాలో ఉందనుకున్నానండి. కోపం ఎప్పుడో పోయిందండి. ఏదో ఒకరోజు అక్క మనసు కరిగి ఇస్తుంది, మా ఆవిణ్ణి చూస్తాననుకుంటూ ఉన్నాను. ఇప్పుడు మీరొచ్చి అది అసలు లేనేలేదంటున్నారు."

మా నాన్న తల ఎత్తలేదు. నిజం చెబుతానంటే ఆపకుండా ఆయన్ని అంతదూరం తీసుకొచ్చింది నేనే. ఆ నిమిషంలో మాత్రం, ఇంకో ఇరవై ఏళ్ళు నోరు మూసుకుని ఉంటే బాగుండేదనిపించింది.

వీరరాఘవమ్మ గారు ఆటో దిగారు. ఎవరూ పిలవలేదు. గట్టు మీది బురదలో చీర ఎత్తిపట్టుకుని నడిచి వచ్చి, తమ్ముడి పక్కన ఆ బస్తా మీదే కూర్చున్నారు.

"రత్నం ఆరోజు వంకాయ రంగు చీర కట్టుకుందిరా," అన్నారు.

"కాదక్కా. నిమ్మపండు రంగు."

"వంకాయ రంగే. నేనే కదా పెట్టింది!"

"నువ్వు పెట్టింది నచ్చక మార్చుకుంది. నీకు చెప్పొద్దంది."

ఇరవై రెండేళ్ళ తర్వాత కలిసిన మాట అది. ఇద్దరూ కాసేపు వాదులాడుకుని, తెగక, ఒకేసారి మా నాన్న వైపు తిరిగారు.

"మీరు కెమెరాలోంచి చూశారు కదండీ. ఏ రంగో చెప్పండి," అన్నారు వీరరాఘవమ్మ గారు.

మా నాన్న కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఆయన చూసిన వేలకొద్దీ పెళ్ళి చీరల్లో ఆ ఒక్కటీ ఎక్కడుందో నాకు తెలీదు.

"నిమ్మపండు రంగేనండి. ఎర్ర అంచు. ఎడంచేత్తో కొంగు పట్టుకున్నారు. మీరు ఆవిడకి దూరంగా నించుంటే దగ్గరికి జరగమన్నానండి. మీరు జరగలేదు. ఆవిడే జరిగారు."

వీర్రాజు గారు కండువాతో ముఖం తుడుచుకున్నారు. "నవ్విందాండీ?"

"నవ్వబోయారండి. ఇంతలో ఫ్లాష్‌కి కళ్ళు మూసేసుకున్నారు."

"అయ్యో! కళ్ళు మూసుకుంటే ఇంకోటి తీయొద్దా అండీ?"

"తీశానండి," అన్నాడు మా నాన్న. "రెండోదాంట్లో చాలా బాగా వచ్చారు."