అత్తగారి ఒళ్లో తుఫాను యంత్రం

సముద్రానికి సీమంతం చేసిన అల్లుడు ఈ భూమ్మీద ఎవడైనా ఉన్నాడంటే, అది నేనే. నవ్వకండి. చీర, గాజులు, మూడు కిలోల చలిమిడి, అన్నీ పద్ధతి ప్రకారమే సమర్పించాను. కాకపోతే అవి సముద్రం కోసం చేసినవి కావు. ఎవరి కోసం చేసినవో, వాళ్ల ఒళ్లో చివరికి ఏం పడిందో చెబితే మీరు కూడా మా ఆవిడ పక్షం చేరిపోతారు. అయినా చెబుతాను. నేను చెప్పకపోతే ఊళ్లోవాళ్లు చెబుతున్నారు, వాళ్లు చెప్పేది ఇంకా ఘోరంగా ఉంటోంది.

నా పేరు సూరిబాబు. పోర్ట్ బ్లెయిర్‌లో మాకు రంగుల కొట్టుంది. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడ దిగిపోయాడు, మేమిక్కడే పుట్టాం. గోడకి ఏ రంగు ఎన్ని లీటర్లు పడుతుందో చెప్పడమే నా బతుకు. అలాంటివాణ్ణి నా చిన్ననాటి స్నేహితుడు కూర్మారావు పాడు చేశాడు. వాడు కొత్త ఫోను కొన్నాడు. ఫోను కొన్నవాడు నలుగురితో మాట్లాడుకోవాలి గానీ, సినిమా తీయడమేమిటండీ? తీశాడు. అందులో నేను పీతవీరుణ్ణి. వీపున నీలం టార్పాలిన్, కళ్లకి ఈత కళ్లజోడు, చేతులకి అంట్లు తోముకునే ఎర్ర రబ్బరు తొడుగులు. అవే నా పీత డెక్కలన్నమాట.

ఉగాదినాడు తెలుగువాళ్ల హాల్లో ఆ పావుగంట సినిమా వేస్తే జనం ఈలలు వేశారు. నా తల తిరిగిపోయింది. వారం రోజులపాటు కొట్లో డబ్బా మూత తీసినా ఏదో లోకాన్ని కాపాడుతున్నట్టే తీశాను. "సున్నం ఉందా?" అని ఎవరైనా అడిగితే, నడుం మీద చెయ్యి వేసుకుని "ఉంది!" అనేవాణ్ణి. ఆ గొంతు విని ఒకాయన సున్నం కొనకుండానే వెళ్లిపోయాడు.

ఆ ఊపులో రెండో భాగం మొదలుపెట్టాం. ఈసారి పీతవీరుడికి పెళ్లయింది. ఒక చేత్తో ఊరిని కాపాడాలి, ఇంకో చేత్తో ఇల్లు నడపాలి. "లోకాన్ని కాపాడడం తేలికే, కరివేపాకు గుర్తుపెట్టుకోవడమే కష్టం" అని నాకో డైలాగు కూడా రాశాడు కూర్మారావు. నాకు నిజంగానే అప్పటికి పెళ్లయి ఏడాది. మా ఆవిడ భవాని స్కూల్లో టీచరు. కథ నా కథే కదా, నటించడం ఎందుకు, జీవిస్తే చాలనుకున్నాను. కొంప అక్కడే మునిగింది.

ఆఖరి సీను ఫీనిక్స్ బే జెట్టీలో. తుఫాను పుట్టించే యంత్రాన్ని విలన్ అక్కడ పెడతాడు. హీరో దాన్ని ఎత్తి సముద్రంలోకి విసురుతాడు. ఆ యంత్రమేమిటంటే, మోటారు కాలిపోయిందని కూర్మారావు వాళ్లమ్మ మూల పడేసిన మిక్సీ. దానికో ఎర్ర బల్బు, ఒక అలారం గడియారం తగిలించాడు. పోతే మళ్లీ దొరకదని సంచిలో పెట్టి, దానికి తాడు కట్టి విసిరి, ఆనక లాక్కోవాలన్నది ఏర్పాటు.

సరిగ్గా అదే రోజు పొద్దున్న బోటుకి మా అత్తగారు ఇంకో దీవిలో ఉన్న రంగత్ వెళ్తున్నారు. అక్కడ అత్తవారింట్లో మా మరదలు గౌరికి సాయంత్రం సీమంతం. పుట్టింటి చలిమిడి తల్లి చేతుల మీదుగా కూతురి ఒళ్లో పడాలి, అదీ పద్ధతి. తడిపిండి, బెల్లం పాకం, నెయ్యి, కొబ్బరి ముక్కలు వేసి భవాని తెల్లవారుజామున లేచి చేసింది. స్కూల్లో పరీక్షలు కాబట్టి తను వెళ్లలేదు. అత్తగారు పెట్టెలతో ముందే ఆటోలో జెట్టీకి వెళ్లిపోయారు. చలిమిడి, చీర, గాజులు సంచిలో పెట్టి నా చేతికిచ్చింది భవాని.

"ఏమండీ, ఒక్క పని. ఒక్కటంటే ఒక్కటి. ఈ సంచి అమ్మ చేతిలో పెట్టండి. దార్లో ఒళ్లోంచి దించొద్దని చెప్పండి. అటుపక్క వాళ్లందరి ముందూ మా అమ్మ పరువు ఇందులోనే ఉంది."

"నేనెలాగూ అక్కడే ఉంటాగా! నాకు వదిలెయ్."

"అదే నా భయం," అంది.

ఇక్కడో సంగతి చెప్పాలి. మా కొట్టు పాతికేళ్ల పండగకి మా నాన్న పసుపు గుడ్డ సంచులు కుట్టించి పంచిపెట్టాడు. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగిల్లన్నది ఉంటే ఆ సంచి ఉండాల్సిందే. చలిమిడి ఆ సంచిలోనే ఉంది. కూర్మారావు యంత్రమూ ఆ సంచిలోనే ఉంది. రెండింటి మూతీ తాడుతోనే బిగించి ఉంది. బరువు కూడా ఇంచుమించు ఒకటే. నేను చేసిన తెలివైన పనేమిటంటే, రెంటినీ పడవల తాళ్లు కట్టే ఇనప దిమ్మ పక్కన పక్కపక్కనే పెట్టి వేషం వేసుకోవడానికి వెళ్లాను.

వేషంలో వచ్చేసరికి ఒక దివ్యమైన ఆలోచన కూడా వచ్చింది.

"ఒరే కూర్మీ! కెమెరా ఆపకు. అత్తగారికి సంచిస్తాను, సలాం కొడతాను, అలాగే వెనక్కి తిరిగి యంత్రం విసిరేస్తాను. ఇల్లూ, లోకమూ, ఒకే షాట్లో!"

"ఒరే, నువ్వు కొట్లో ఉండాల్సినవాడివి కాదురా," అన్నాడు వాడు. ఇప్పుడు ఆలోచిస్తే కొట్లోనే ఉండాల్సింది.

జనం పెరుగుతున్నారు, తొందరగా కానివ్వమని జెట్టీ కాపలా మనిషి దూరం నుంచి హిందీలో కేకేశాడు. "ఏ భయ్యా, జల్దీ కరో! భీడ్ బఢ్ రహీ హై!"

ఆ ఉక్కకి ఈత కళ్లజోడు లోపల ఆవిరి పట్టింది. నాకు లోకమంతా పాలలో పడ్డ పసుపులా కనిపిస్తోంది. దిమ్మ పక్కకి తడుముకుంటూ వెళ్లి ఒక సంచికి తాడు కట్టాను. ముడి నేనే వేశాను, ఈ చేతులతోనే. రెండోది పట్టుకుని బోటు నిచ్చెన దగ్గర నిలబడ్డ అత్తగారి ముందుకి దూకాను.

"ఓలమ్మో! ఎవుడ్రా నువ్వు?" అని ఆవిడ గొడుగెత్తారు.

"నేనే అత్తయ్యా, అల్లుణ్ణి."

ఆవిడ నన్ను తల నుంచి కాళ్ల దాకా చూశారు. గొంతు తగ్గించి, "ఇదేటి బాబూ ఈ అవతారం? కొట్టు బాగా నడవట్లేదేటి?" అన్నారు. పాపం, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సినిమా అత్తయ్యా. ఇదిగో సంచి. ఒళ్లోంచి దించొద్దని చెప్పింది భవాని."

"బరువుగానే ఉందే!"

"నెయ్యి ఎక్కువేసింది."

"అలగే బాబూ. నా పేణం లాగ చూసుకుంటాను."

సలాం కొట్టాను. వెనక్కి తిరిగాను. తాడు కట్టిన సంచిని రెండు డెక్కల మధ్య పైకెత్తి, "పో, తుఫానూ!" అని అరిచి, బోటుకి దూరంగా జెట్టీ రెండో వైపు విసిరాను. ఏమి విసురు అది! అంత అందంగా నేను జీవితంలో ఏదీ విసరలేదు. జెట్టీ మీద జనం చప్పట్లు కొట్టారు. బోటు కూత వేసింది. మా అత్తగారు కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, సంచిని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని సాగిపోయారు.

ఇక తాడు లాగడం మొదలుపెట్టాను. సంచి పైకొచ్చింది. మూతి ముడి సగం ఊడిపోయి, అందులోంచి ఎర్రంచు చీర కొంగొకటి వేలాడుతోంది.

"ఒరే కూర్మీ, మీ మిక్సీకి చీర కట్టావేంట్రా?"

"మా మిక్సీకి చీరెందుకురా?"

ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. అప్పుడు తీశాను కళ్లజోడు. సంచి మునిగాక కళ్లజోడు తుడుచుకున్నట్టని కొత్త సామెత రాసుకోవచ్చు. కింద నీళ్లలో చేపలు గుంపులు గుంపులుగా చేరి బెల్లం ముద్దల మీద పడి తింటున్నాయి. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని అంటారు కదా, నేను ఏకంగా ఫీనిక్స్ బే చేపలన్నింటికీ చేశాను. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు నీళ్లలో పడతాడనీ అంటారు. నేను పడలేదు. చలిమిడి పడింది.

"ఏ భయ్యా! సమందర్ మే క్యా ఫేంకా?" అంటూ, నీళ్లలో ఏం విసిరానో చెప్పమని కాపలా మనిషి పరిగెత్తుకొచ్చాడు.

"సీమంతం," అన్నాను.

అత్తగారికి ఫోన్ చేశాను. నడి సముద్రంలో సిగ్నలెక్కడిది? రోడ్డు మీద వెళ్దామంటే రంగత్ బస్సు చీకటితోనే వెళ్లిపోయింది. పరువంతా ఒళ్లో ఉందనుకుంటూ ఆవిడ కాలిపోయిన మిక్సీని మోసుకుపోతున్నారు. ఇక్కడ మగాడన్నవాడు చేయాల్సిన పని ఒక్కటే: పెళ్లానికి నిజం చెప్పడం. అప్పుడే చెప్పి ఉంటే రంగత్‌లో ఎవరిచేతనైనా ఇంత చలిమిడి చేయించి ఉండేది. కానీ అంతటి పీతవీరుడూ నిజం దగ్గరికొచ్చేసరికి పీతలాగే పక్కకి నడిచాడు.

మధ్యాహ్నం భవాని స్కూలు నుంచి వచ్చింది.

"సంచి ఇచ్చారా?"

"ఇచ్చాను."

"ఒళ్లోంచి దించొద్దన్నారా?"

"అన్నాను."

"మరి ఆ మొహమేంటి?"

"ఎండ."

చూశారా, ఎండ తప్ప ఒక్క అబద్ధం లేదు.

సాయంత్రం నాలుగున్నరకి ఫోన్ మోగింది. అత్తగారు. భవాని స్పీకర్ పెట్టింది. నేను గుమ్మం వైపు జరిగాను.

"బాబూ సూరిబాబూ," అన్నారు అత్తగారు చాలా నెమ్మదిగా. "సంచి విప్పినాం."

"అత్తయ్యా..."

"ఇది తిరగాలా, దీపంలాగ ఎలగాలా? అది చెప్పండి చాలు."

భవాని నా వైపు చూసింది. "ఏది తిరగాలా?"

"నీకు తెల్దేటే? పేరంటాళ్లు ఇరవైమంది కూకున్నారు. సంచి గౌరి ఒళ్లో ఎట్టి మూతి ఇప్పీసరికి మిక్సీ! మా వియ్యపురాలు, 'ఇది మీ వైపు ఆచారమా వదినా?' అనడిగింది. ఔనన్నాను. ఏటి సేస్తాను! అల్లుడు పిచ్చోడని చెప్పమంటావా? అప్పుడే అందులో గంట మోగి ఎర్ర లైటెలిగింది. గౌరి నవ్వీ నవ్వీ కింద పడిపోబోనాది. కడుపులో బిడ్డ ఎప్పుడూ తన్ననంత గట్టిగా తన్నీసిందట."

"అయ్యో, అత్తయ్యా..."

"ఇంకోటి బాబూ. దారంతా ఒకటే కెరటాలు. బోటు ఇలగ ఊగిపోనాది. పక్కనున్నోళ్లందరూ కక్కీసినారు. నానొక్కదాన్నీ ఆ సంచి గట్టిగా పట్టుకు కూకున్నాను."

మిక్సీగా అది ఎప్పుడో చచ్చిపోయింది గానీ, తుఫాను యంత్రంగా బ్రహ్మాండంగా పనిచేసిందని నాకు అప్పుడర్థమైంది. ఆ మాట పైకి అనకూడదని కూడా అర్థమైంది, కానీ అప్పటికే అనేశాను.

మా ఆవిడకి కోపమొస్తే గౌరవం పెరుగుతుంది. "తమరు," అంది. "తమరు ఇలా దయచేయండి."

నిజమంతా చెప్పేశాను. చలిమిడి చేపలు తిన్నాయన్నప్పుడు తన కళ్లు చెమర్చాయి. తెల్లవారుజామున లేచి చేసింది కదా పాపం. ఆ ఒక్క నిమిషం నాకు నిజంగా సిగ్గేసింది, సముద్రంలో నేనే పడుంటే బాగుండేదనిపించింది. తర్వాత తను కళ్లు తుడుచుకుని బియ్యం నానబోసింది.

"రేపొద్దున్న పిండి మీరే కొడతారు, పాకం మీరే పడతారు. బోటెక్కి సంచి ఒళ్లో పెట్టుకుని రంగత్ వెళ్తారు. వేషంలో."

"వేషమెందుకే?"

"మా అమ్మ ఆచారమని చెప్పేసింది కదా! మా అమ్మ అబద్ధమాడిందని అత్తవారింట్లో అనిపించుకోమంటారా? మొదటిరోజు యంత్రం వస్తుంది, రెండోరోజు అల్లుడు పీతలా వచ్చి చలిమిడి ఇస్తాడు. అంతే. అదే మన ఆచారం."

వెళ్లాను. టార్పాలిన్ కప్పుకుని, ఎర్ర తొడుగులతో, ఒళ్లో చలిమిడితో బోట్లో కూర్చున్నాను. టూరిస్టులు నాతో ఫొటోలు దిగారు. రంగత్‌లో పేరంటాళ్లు నాకు ఎదురొచ్చి హారతిచ్చారు. వేషం చూసి ఒక్కరూ నవ్వలేదు. అదే నాకు భయమేసింది.

మిక్సీని వెనక్కి తెచ్చుకున్నాను, సినిమా కూడా పూర్తయింది. తర్వాతి ఉగాదికి హాల్లో వేశారు. పీతవీరుడు పసుపు సంచి పైకెత్తి "పో, తుఫానూ!" అనగానే హాల్లో ఆడవాళ్లందరూ ఒక్క గొంతుతో "అయ్యో, చలిమిడి!" అన్నారు. లోకం రక్షింపబడిన సంగతి ఎవరికీ పట్టలేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. గౌరి కొడుక్కి ఇప్పుడు ఐదేళ్లు, ఉక్కుముక్కలా ఉన్నాడు. నన్ను మిక్సీ పెదనాన్న అంటాడు. పోయిన నెల గౌరి వాళ్లత్తగారు ఫోన్ చేశారు.

"సూరిబాబుగారూ, మా అమ్మాయికి సీమంతం పెట్టుకున్నాం. మీ ఆచారం మాకు బాగా కలిసొచ్చింది. యంత్రం ముందురోజు బోటుకి పంపించేయండి. మీరు మర్నాడు రండి. డెక్కలు మర్చిపోకండేం!"

అందుచేత, ఈ కథ చదువుతున్న మీ అందరి సాక్షిగా, మిక్సీ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ సంచినైనా సరే, మూతి విప్పి చూడకుండా, వాసన పీల్చకుండా, వీలైతే ఒక ముద్ద నోట్లో వేసుకోకుండా ఎవరికీ ఇవ్వను, ఎక్కడా విసరను. ఇంటినీ లోకాన్నీ ఒకే షాట్లో కాపాడబోను. నిజం చెప్పాల్సివస్తే పక్కకి నడవకుండా తిన్నగా నడుస్తాను.

ఈ ప్రమాణం రాస్తూండగానే భవాని వంటింట్లోంచి కేకేసింది. పొద్దున్న తెమ్మన్న కరివేపాకేదీ, అని.