మైకులో మోకాలు

సైన్యంలో చేరిన ఆ కొత్త రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. జవానుకు జబ్బు రాదు, వస్తే ఎవరికీ చెప్పకూడదు. ఒంట్లో బాగాలేనివాళ్ళు పొద్దున్నే 'సిక్ రిపోర్ట్' వరసలో నిలబడితే డాక్టరుగారు చూసేవారు. ఆయన కన్నా ముందు మా హవల్దారు చూసేవాడు. ఆ చూపుకే సగం మందికి జ్వరం దిగిపోయేది (వైద్యశాస్త్రం ఈ పద్ధతిని ఇంకా గుర్తించలేదు).

నాకు మోకాలి నొప్పి మొదలైనప్పుడు ఆ వరస ఛాయలకు కూడా పోలేదు. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన కొండలెక్కే కోర్సుకు అప్పుడే నా పేరు వచ్చింది. డాక్టరు మోకాలు చూస్తే మెడికల్ కేటగిరీ (ఆరోగ్యాన్ని బట్టి సైన్యం ఇచ్చే గ్రేడు) తగ్గిస్తారు, కేటగిరీ తగ్గితే పేరు కొట్టేస్తారు. అందుకని సెలవు మీద మధురానగర్‌లోని మా ఇంటికి వచ్చి, పంజాగుట్టలో ఒక ప్రైవేటు క్లినిక్‌కి వెళ్ళి, అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగ్ తీసుకుంటున్నానని చెప్పాను. తల పొట్టిగా గొరిగించుకుని, కుర్చీలో కూడా నిటారుగా బిగుసుకుని కూర్చునే కంప్యూటర్ విద్యార్థిని ఆ డాక్టరు అంతకుముందు చూసి ఉండరు. "మెట్ల మీంచి పడ్డావా?" అని అడిగారు. "యస్ సార్" అన్నాను. "బండి మీంచి పడ్డావా?" "యస్ సార్." ఇంకేమీ అడగకుండా నొప్పి మాత్రలు రాసిచ్చారు.

కుంటుతుంటే అమ్మ పట్టేసింది. ఎవరికీ చెప్పనని మాటిచ్చింది, తప్పలేదు కూడా. దేవుడికి మాత్రమే చెప్పింది. కాకపోతే మా చర్చిలో దేవుడికి చెప్పాలంటే ముందు పాస్టరుగారి చెవిన వేయాలి, ఆయన మైకులో చెప్పాలి. ఆదివారం ఆయన కళ్ళు మూసుకుని, "సైన్యంలో ఉన్న మన సహోదరుని మోకాలిని ప్రభువు ముట్టాలనీ, ఆ సంగతి పై అధికారులకు తెలియకుండా కాపాడాలనీ ప్రార్థన చేద్దాం" అన్నారు. చర్చంతా ఆమెన్ అంది. ముందు వరసలో ఉన్న కర్నలుగారు, సైనిక ఆసుపత్రిలో డాక్టరుగా చేసి రిటైరైన మనిషి, ఆయన కూడా ఆమెన్ అని వెనక్కి తిరిగి నన్ను చూశారు.

"ఎవరికీ చెప్పనన్నావు కదమ్మా" అంటే, "ఎవరికి చెప్పిన? దేవునికే చెప్పిన. ఆయనకు చెప్పకుంట నీ మోకాలు ఎట్ల బాగైతది బిడ్డా" అంది అమ్మ.

కర్నలుగారు నన్ను చర్చి మెట్ల మీద కూర్చోబెట్టి మోకాలు అటూ ఇటూ తిప్పారు. ప్రాణం పోయినంత పనైంది.

"రేపే మిలిటరీ ఆసుపత్రికి వెళ్ళు. స్కాన్, మందులు, ఫిజియోథెరపీ అన్నీ అక్కడే చూసుకుంటారు."

"కోర్సు పోతుంది సార్."

"పోతుంది. కేటగిరీ తగ్గించడం శిక్ష కాదు బాబూ, నయమయ్యాక మళ్ళీ చూసి పెంచుతారు. ఈ కాలితో కొండెక్కితే నిన్ను నలుగురు మోసుకుని దిగాలి. వాళ్ళ మోకాళ్ళ సంగతేంటి?"

మర్నాడే వెళ్ళాను. కోర్సుకు నా బదులు బ్యారక్‌లో నా పక్క మంచం వాడు వెళ్ళి, మంచుకొండల ఫోటోలు ఫోన్‌లో ఉత్సాహంగా పంపాడు. అవి చూసి ఆసుపత్రి దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఏడ్చాను (నర్సుతో జలుబని చెప్పాను, ఆవిడ మర్యాదగా నమ్మింది). మోకాలు బాగైంది, కేటగిరీ పెరిగింది, ఆ కోర్సుకు మాత్రం నా పేరు మళ్ళీ రాలేదు.

ఇప్పుడు రిటైరై మధురానగర్‌లోనే ఉంటున్నాను. అమీర్‌పేట మెట్రోలో కుర్రాళ్ళు లిఫ్టు కోసం బారులు తీరితే నేను మెట్లెక్కి వెళ్తాను. పైకి చేరి ఆయాసం తీర్చుకుంటూ, నేనెక్కిన శిఖరం ఇదే కదా అనుకుంటే నవ్వొస్తుంది. ఈ ఎత్తు నాకు చాలని మాత్రం ఇంకా పూర్తిగా అనలేను.