పేరు పెట్టి రాయండి

మూడు వారాల క్రితం బెజవాడ నుంచి బదిలీ మీద మా నాంపల్లి ఆఫీసుకు కొత్త ఆఫీసరు గారు వచ్చారు. ఇవాళ పొద్దున్నే అందరినీ పిలిచి, ఇంగ్లీషు రిపోర్టుల్లో పాసివ్ వాయిస్ మానేయమన్నారు. "ఫైలు ఆలస్యమైంది అని రాసి తప్పించుకోవడం ఇక కుదరదు. ఎవరు ఆలస్యం చేశారో యాక్టివ్ వాయిస్‌లో పేరు పెట్టి రాయండి" అన్నారు.

మధ్యాహ్నానికి హెడ్ క్లర్కు నర్సింగరావు గారు పెండింగు ఫైళ్ల రిపోర్టు రాసిచ్చారు. టైపు చేసింది నేనే. ఆఫీసరు గారు ఒక ఫైలును పద్దెనిమిది రోజులు బల్ల మీదే ఉంచుకున్నారు. ఆఫీసరు గారు ఇంకో ఫైలును ఇంటికి తీసుకెళ్లి మరచిపోయారు. ఆఫీసరు గారు బీరువా తాళంచెవి పోగొట్టారు. అన్నీ నిజాలే.

రిపోర్టు లోపలికి వెళ్లిన చాలాసేపటికి మా ఇద్దరికీ పిలుపొచ్చింది.

"ఏవండీ నర్సింగరావు గారూ, అన్నింటికీ నన్నే రాశారేంటి?"

"పేరు పెట్టి రాయుమన్నది మీరే గద సార్. ఏ ఫైలు చూసినా మీరే దొరికిన్రు. నేనేం జేయాలె?"

నాలుగింటికి ఆఫీసరు గారు నాచేత ఒక కాగితం టైపు చేయించారు. ఉదయం ఇచ్చిన ఆదేశం ఉపసంహరించబడినది అని దాని సారాంశం. ఎవరు ఉపసంహరించారో అందులో లేదు. నేనూ అడగలేదు.

కోఠి బస్సులో నిలబడి ఇంటికొచ్చేసరికి కిరసనాయిలు స్టవ్వు చుట్టూ పాలే. ఇదేమిటని మావారిని అడిగితే, పేపర్లోంచి తలెత్తకుండా "పొంగిపోయాయి" అన్నారు.

మీ ఇళ్లలో పాలు ఎవరు పొంగిస్తారో, దయచేసి పేరు పెట్టి రాయండి.