దొర తీయని దండ

మొఘల్‌పురాకు ఏ నాయకుడొచ్చినా మెడలో పడేది దుర్గయ్య కట్టిన పూలదండే. అయితే దండ పడీ పడగానే తీసి బల్లమీద పెట్టేయడం మన నాయకుల మర్యాద. ఉంచుకుంటే పదవి తలకెక్కిందని జనం అనుకుంటారట! పొద్దంతా కూర్చుని కట్టింది రెప్పపాటు కూడా మెడలో నిలవకపోతే కట్టినవాడికి కడుపు మండదా? చచ్చేలోపు ఒక్కడైనా తన దండ వేసుకుని నాలుగడుగులు నడిస్తే చూడాలని దుర్గయ్య కోరిక.

ఎనభై అయిదులో ఒకరోజు వార్డు నాయకుడు విశ్వేశ్వర్ ఉరుక్కుంటూ వచ్చాడు.

“దుర్గయ్యా, విలాయత్ ఎంపీ రేపు మన బడి చూడనీకి వస్తుండు. మస్తు దండ గట్టు. దొర మెడ కనవడొద్దు!”

దుర్గయ్య జాంబాగ్ పూల బజారుకు వెళ్లి గులాబీలు ఏరి తెచ్చుకున్నాడు. నడుం పట్టేసేదాకా కట్టాడు. తీరా దొర కారు దిగే వేళకు విశ్వేశ్వర్ మొహం వేలాడేసుకుని ఎదురొచ్చాడు.

“ఏం ఎంపీనే! ఎన్నడో ఓడిపోయిండంట. మాజీకి గింత దండ ఏంది? చిన్నది తే.”

“ఓడిపోతే మెడ సన్నగైతదా అన్నా?” అని దుర్గయ్య తనే వెళ్లి దండ వేసేశాడు.

దొర చేయి పైకి లేచింది. తీసేస్తున్నాడనే అనుకున్నాడు దుర్గయ్య. దొర దండను సర్దుకున్నాడు, అంతే. తీయాలని పాపం ఆయనకెవరూ చెప్పలేదు. దండతోనే బడంతా తిరిగాడు. దండతోనే ముష్తాక్ హోటల్లో చాయ్ తాగాడు. చాయ్‌లో రేకులు రాలితే ఊది మరీ తాగాడు. గల్లీలోని మేకొకటి గులాబీల వాసన పట్టి ఆయన వెంట పడింది. దాన్ని తోలుతూ దుర్గయ్య దాని వెంట పడ్డాడు. విశ్వేశ్వర్ తల పట్టుకున్నాడు.

చివరికి దొర ఏదో అడిగాడు. ఇంగ్లీషు వచ్చిన హోటలాయన ముష్తాక్ తెలుగులో చెప్పాడు: “దండ ఎప్పుడు తీయాలె అంటుండు.”

“ఇప్పుడే!” అన్నాడు విశ్వేశ్వర్.

“ముష్తాక్ భాయ్, ఇంటికి పోయేదాంక తీయొద్దని చెప్పు” అన్నాడు దుర్గయ్య.

ముష్తాక్ దుర్గయ్య మాటే చెప్పాడు. దొర నవ్వి, తగ్గు గొంతుతో ఏదో అన్నాడు.

“ఓడిపోయినంక మా ఊర్ల నాతోని ఎవ్వరు చేయి గూడ కలపలే, గిదెట్ల తీస్త అంటుండు భాయ్.”

దుర్గయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరూ చూడకుండా మొహం తిప్పుకుని మేకను మళ్లీ అదిలించాడు.

మరుసటి ఏడు వార్డు ఎన్నికల్లో విశ్వేశ్వర్ ఓడిపోయాడు. చుట్టూ తిరిగినవాళ్లంతా గెలిచినాయన ఇంటికి పోయారు. గెలిచినాయనకూ దుర్గయ్యే దండ కట్టాడు. ఇంకొకటి కట్టి విశ్వేశ్వర్ దగ్గరికి తెచ్చాడు. ఖాళీ షామియానా కింద విశ్వేశ్వర్ ఒక్కడే కూర్చున్నాడు.

“ఓడినోనికి దండేంది, దుర్గయ్యా?”

దుర్గయ్య దండ తీసి మెడలో వేశాడు. విశ్వేశ్వర్ చేయి అలవాటుగా పైకి లేచి, దండ దాకా వచ్చి ఆగిపోయింది. లేచి, దండతోనే ఇంటికి నడిచాడు. మేకలు రాకుండా దుర్గయ్య ఇంటిదాకా వెనకాలే నడిచాడు.